పలికించెడివాడా, పలికించు విభుండా?

కావలి తమ్ముడు: వెంకటాచలం టోల్‌గేటులో ఫాస్టాగ్ రీడర్ల పని చూస్తుంటాను. కొత్తగా చేరిన పిల్లల కోసం తెలుగులో రెండు పేజీలు రాస్తున్నాను. కారు అద్దానికి అంటించే ట్యాగ్‌లో బ్యాటరీ ఉండదు. రీడరు పంపే 865–867 మెగాహెర్ట్జ్ తరంగాల శక్తితోనే చిప్పు మేలుకుంటుంది. సొంతంగా తరంగం పుట్టించదు. మీద పడినదాన్నే ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా తిప్పికొడుతూ తన సంఖ్య చెబుతుంది. దీనికి పోతన ‘పలికెడిది భాగవతమట’ పద్యాన్ని తలకట్టుగా పెడదామనుకుంటే రెండో పాదం దగ్గర చిక్కుకున్నాను. ‘పలికించెడివాడు రామభద్రుండట’ అనా, ‘పలికించు విభుండు’ అనా?

కోవూరు మాస్టారు: విభుండే నాయనా. చిన్నప్పటి నుంచి అలాగే చదివాం.

ఒంగోలు నుంచి: మాస్టారూ, ఛందస్సు మీ పక్షాన లేదు, ఎదుటి పక్షానా లేదు. ‘చెడివా’ సగణం, ‘చువిభుం’ కూడా సగణమే. తరువాతి ‘డురామ’ జగణం రెండింటా చెక్కుచెదరలేదు. యతి ప–భలకు. ఇక మిగిలింది పోతన చెవి. మొదటి పాదంలో ‘పలికెడిది’ అన్నవాడు రెండో పాదంలో ‘పలికించెడివాడు’ అనే అంటాడు.

కోవూరు మాస్టారు: ఆ జత కుదురుతుందనే ఎవరో లేఖకుడు ‘విభు’ తీసి ‘చెడివా’ పెట్టి ఉంటాడు. నున్నగా ఉన్న పాఠాన్నే ముందు అనుమానించాలి.

సింగరాయకొండ: ‘ఎడి’లో జరుగుతూ ఉండటం వినిపిస్తుంది నాకు. ట్యాగ్ జవాబిస్తున్నంతసేపూ రీడరు మాట ఆపినా తరంగం ఆపదు. ఆపితే ట్యాగ్‌కు శక్తీ ఉండదు, తిప్పికొట్టడానికి ఏమీ ఉండదు. కాబట్టి తమ్ముడి వ్యాసానికి ‘పలికించెడివాడు’ సరైనది.

కోవూరు మాస్టారు: ‘పలికించు’, ‘పలికించెడి’ రెండూ తద్ధర్మార్థకాలే, అంటే ఫలానా కాలమని కాక స్వభావాన్ని చెప్పే రూపాలే. వ్యాకరణంలో లేని తేడాను యంత్రంలో వెతకకండి.

అద్దంకి అక్కయ్య: నన్నడిగితే పద్యమే అతకదు. పోతన మాటా రాముడిదే, పలికించడమూ రాముడిదే. ఇక్కడ రీడరు ఇచ్చేది శక్తి, అడిగేది ప్రశ్న; సంఖ్య మాత్రం ట్యాగ్ సొంతం. ఎర్రన దగ్గరకు రండి. అరణ్యపర్వంలో నన్నయ ‘శారదరాత్రులు’ దగ్గర ఆగిపోతే ‘స్ఫురదరుణాంశు’ అంటూ అందుకున్నాడు. ఊపు నన్నయది, పలుకు ఎర్రనది. అంతా రాసి, రాజమహేంద్రవరపు రాజరాజుకే అంకితంగా నిలిపాడు. అంతటి వినయం ఇంకెవరికి సాధ్యం?

కావలి తమ్ముడు: అక్కా, మీ మాట నచ్చింది. కానీ ఇంకోటుంది. పరిధిలో చాలా ట్యాగ్‌లుంటే అన్నీ ఒక్కసారే పలికి ఏదీ తెలియకుండా పోతుంది. అందుకని రీడరు క్యూ (Q) అనే అంకె ప్రకటిస్తుంది. అన్నిసార్లు రెండును హెచ్చిస్తే వచ్చేదే వంతుల లెక్క. అది 4 అయితే 16 వంతులు. ప్రతి ట్యాగూ తనంతట తానే ఒక వంతు ఎంచుకుంటుంది. వంతు రాగానే అసలు సంఖ్య చెప్పదు. అప్పటికప్పుడు పుట్టించిన 16 బిట్ల అంకెను పంపుతుంది. రీడరు దాన్నే తిరిగి పలికితే అప్పుడు తన గుర్తింపు చెబుతుంది.

ఒంగోలు నుంచి: అంటే అక్కడ ట్యాగ్ పలికిందే రీడరు పలుకుతోంది! ఇక విభుత్వం ఎక్కడిది మాస్టారూ?

కోవూరు మాస్టారు: వంతు ఇచ్చేవాడే విభుడు. వంతుల సంగతి మన నెల్లూరి తిక్కనను అడగండి. ఉద్యోగపర్వంలో కృష్ణుడు రాయబారానికి బయల్దేరే ముందు ధర్మరాజు, భీముడు, అర్జునుడు, నకులుడు, సహదేవుడు తలా ఒక తీరున మాట్లాడాక ద్రౌపది అందుకుంటుంది. ఎవరి గొంతు ఎవరిదో పేరు చెప్పకుండానే తెలుస్తుంది. అందరినీ పలికించినవాడు కృష్ణుడు, ఆయన ఎదుట ఉన్నాడు కాబట్టే ఆ మాటలు వచ్చాయి.

సింగరాయకొండ: ‘పలుకు’ అన్న క్రియే ఇక్కడ పొసగదని నా అభిప్రాయం. యాంటెన్నా రెండు కొనల మధ్య చిప్పు స్విచ్చులా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే, ఎండలో చేతి అద్దాన్ని ఆడించినట్టు వెనక్కి వెళ్లే తరంగం హెచ్చుతగ్గులవుతుంది. 1948లోనే హారీ స్టాక్‌మన్ ప్రతిఫలించిన శక్తితో సమాచారం పంపడం గురించి వ్యాసం రాశారు. ‘ప్రతిఫలించు’ అనండి.

అద్దంకి అక్కయ్య: ప్రతిఫలం అంటే పిల్లలు జీతం అనుకుంటారు. ‘మారుపలుకు’ చాలు. అందులో తిరిగి రావడమూ ఉంది, మాటా ఉంది.

కావలి తమ్ముడు: ‘మారుపలుకు’ తీసుకున్నాను అక్కా. పద్యం మాత్రం ‘పలికించెడివాడు’ అనే పెడుతున్నాను, రేపటికి అచ్చు కావాలి.

కోవూరు మాస్టారు: పెట్టు నాయనా, నేను మాత్రం ఒప్పుకోను. నాలుగో పాదంలో ‘వేఱొండు’కు బండి ఱ వేశావా?