పాత మారుతి 800 కార్బొరేటర్ బండి, చలికాలం పొద్దున్న దారిలో ఆగిపోతోంది, పెట్రోల్ పంపు మార్చాలా?

పాడేరు మాస్టారు:
అందరికీ నమస్తే. మాది పాడేరు. బండి 1997 మోడల్ మారుతి 800, కార్బొరేటర్‌ది (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే పాత రకం భాగం), నాన్నగారు కొన్నది. ఏడాదంతా ఏ గొడవా ఉండదు, డిసెంబర్ వచ్చిందంటే మొదలు. నా స్కూలు చింతపల్లి రోడ్డులో, పొద్దున్నే బయల్దేరాలి, ఆ టైముకి మంచు ఎదురొచ్చే బండి కూడా కనపడనంత ఉంటది. చోక్ లాగి సెల్ఫ్ కొడితే స్టార్ట్ అవుతుంది, అక్కడ ఇబ్బంది లేదు. ఊరు దాటి నాలుగైదు కిలోమీటర్లు వెళ్ళాక పికప్ పడిపోతుంది, యాక్సిలరేటర్ తొక్కుతున్నా కుదుపుతూ కుదుపుతూ వెళ్ళి కాలు తీయగానే ఆఫ్. ఇంక ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోదు. విసుగొచ్చి దిగి కాసేపు బయట నిలబడి మళ్ళీ కొడితే అసలేమీ జరగనట్టు స్టార్ట్ అయిపోద్ది! సాయంత్రం వచ్చేటప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు.

ప్లగ్గులు కొత్తవి, బ్యాటరీ కొత్తది, పెట్రోల్ ఫిల్టర్ మార్చారు, కార్బొరేటర్ విప్పి సర్వీస్ చేశారు. మా మెకానిక్ వెళ్ళినప్పుడల్లా ఐడిల్ స్క్రూ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ ఎంత స్పీడులో తిరగాలో సెట్ చేసేది) కాస్త తిప్పి పంపిస్తాడు, ఇప్పుడేమో పెట్రోల్ పంపు మార్చాలంటున్నాడు. మార్చమంటారా?

మిన్నెసోటా తెలుగోడు:
కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ అయ్యుంటది బ్రో. ఇక్కడ మైనస్ ఇరవైలో నా పాత సెడాన్ ఇలాగే చేసింది, ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లో ఫాల్ట్ చదివే మెషిన్) పెడితే కోడ్ వచ్చేసింది. మీరూ స్కాన్ చేయించండి.

పాడేరు మాస్టారు:
థాంక్స్ అండీ, కానీ దీంట్లో స్కానర్ పెట్టడానికి సెన్సర్లూ లేవు ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) లేదు, చోక్ కూడా చేత్తో లాగేదే.

సెకండ్ హ్యాండ్ కింగ్:
గురూ ఇంత పాత బండికి ఇంకా ఖర్చు పెడతావా, స్క్రాప్‌కి ఇచ్చేసి కార్బొరేటర్ లేని ఏదైనా ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే) బండి చూసుకో. లేదంటే ట్యాంకులో నీళ్ళు చేరి ఉంటాయి, ఇప్పుడొచ్చేది అంతా ఇథనాల్ కలిపిన పెట్రోలే కదా.

అనకాపల్లి పాత మెకానిక్:
మాస్టారూ, పంపు జోలికి ఎళ్ళకండి. పంపు పోతే సాయంత్రం ఘాట్ ఎక్కేటప్పుడు కూడా ఆగాలి కదా, దానికి పొద్దున్న ఒక లెక్క సాయంత్రం ఒక లెక్క ఉండదు. ట్యాంకులో నీళ్ళున్నా అంతే, కాసేపు నిలబడితే ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? మీరు చెప్పినదాంట్లో అసలు పాయింటు ఏటంటే కాసేపు ఆపితే దానంతటదే బాగైపోడం. కార్బొరేటర్ లోపల ఐసు కడుతోంది. నమ్మబుద్ధి కాదు గానీ కొండ మీద తిరిగే పాత బండ్లు చాలా చూశాను.

గాలి కార్బొరేటర్ గొంతులోంచి స్పీడుగా పోతది, అదే టైములో పెట్రోల్ ఆవిరవుతది, రెండిటి వల్లా అక్కడ వేడి బాగా పడిపోద్ది. బయట 8 డిగ్రీలు ఉంటే లోపల సున్నా కిందకి పోడం పెద్ద విషయం కాదు. మీ దగ్గర గాలి నిండా మంచే, ఆ తేమ పోయి థ్రాటిల్ ప్లేట్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే రేకు) అంచున, ఐడిల్ జెట్ రంధ్రం దగ్గర గడ్డ కడతది. దారి మూసుకుంటే బండి ఆగిపోద్ది. ఆపాక ఇంజిన్ వేడి మెల్లగా పైకెక్కి ఆ ఐసు కరిగిస్తది, మళ్ళీ స్టార్ట్. ఐడిల్ స్క్రూ తిప్పితే ప్లేటు కాస్త ఎక్కువ తెరుచుకుంటది, అందుకే కొంచెం నయమైనట్టు అనిపిస్తది, అంతకు మించి ఏం లేదు.

సెకండ్ హ్యాండ్ కింగ్ గారు ఇథనాల్ అన్నారు, అది కొట్టిపారేసే మాట కాదు. ఇథనాల్ ఆవిరవ్వాలంటే పెట్రోల్ కన్నా రెండింతల పైనే వేడి లాక్కుంటది, కాబట్టి ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చాక ఇలాంటి బండ్లకి చలి ఇంకాస్త ఎక్కువే.

సరే ఏం చూడాలంటే, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి వేడి పొగ బయటికొచ్చే గొట్టం) మీద ఒక రేకు కవరు ఉంటది, దాన్నుంచి ఎయిర్ క్లీనర్ మూతికి ఒక గొట్టం రావాలి, చలికాలంలో వేడి గాలి లాక్కోడానికి కంపెనీ వాళ్ళు పెట్టిందే. సైలెన్సర్ పని చేసినప్పుడో ఇంకెప్పుడో పీకేసి అవతల పడేస్తారు, ఎండాకాలం తేడా తెలీదు కాబట్టి ఎవడూ పట్టించుకోడు. అది ఉందో లేదో చూసి చెప్పండి. ఇంకోటి, ఈసారి ఆగినప్పుడు వెంటనే బానెట్ ఎత్తి ఎయిర్ క్లీనర్ మూత తీసి టార్చ్ వేసి గొంతులోకి చూడండి. అప్పుడు సెల్ఫ్ మాత్రం కొట్టకండి, ఎదురు మంట వస్తే మొహం కాలుద్ది.

రిటైర్డ్ ఫౌజీ:
ఒక డౌటు అన్నా. నేను లేహ్‌లో చేశాను, అక్కడ మైనస్ పదిహేను, పాత జిప్సీలు కార్బొరేటర్‌వే. స్టార్ట్ అవ్వడానికి చచ్చేవాళ్ళం గానీ ఒకసారి అయ్యాక ఇలా దారిలో ఆగిన గుర్తు లేదు. మరి పాడేరులో ఎందుకు?

అనకాపల్లి పాత మెకానిక్:
లేహ్‌లో గాలి ఎండు గాలి ఫౌజీ గారూ, గడ్డ కట్టడానికి తేమ ఎక్కడిది? ఈ రోగం ఎక్కువగా సున్నా నుంచి పదిహేను డిగ్రీల మధ్య, అదీ పొగమంచు ఉన్నప్పుడు. పాడేరు, లంబసింగి, అరకు వైపు శీతాకాలం పొద్దున్న సరిగ్గా అదే వాతావరణం.

పాడేరు మాస్టారు:
మెకానిక్ గారూ మీరు చెప్పినట్టే ఉంది! గొట్టం లేదు, ఎయిర్ క్లీనర్ మూతి బోసిగా ఉంది, రేకు కవరు మాత్రం ఉంది. ఇవాళ పొద్దున్న ఆగగానే మూత తీసి చూశాను, గొంతులో తెల్లగా నూగులాగా కట్టి ఉంది, చూస్తుండగానే నీళ్ళైపోయింది. ఫోటో తీద్దామనుకునే లోపే పోయింది. ఇంకో విషయం, టెంపరేచర్ ముల్లు స్కూలు చేరేదాకా కింద గీత దాటదు, అది మంచిదే అనుకున్నా ఇన్నాళ్ళూ.

అనకాపల్లి పాత మెకానిక్:
మంచిది కాదండీ. ఎప్పుడో ఇంజిన్ హీట్ అయిందని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనీయకుండా ఆపేది) పీకేసి ఉంటారు, మన దగ్గర అదో అలవాటు. అది లేకపోతే నీళ్ళు మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌కి పోతాయి, చలిలో ఇంజిన్ ఎప్పటికీ వేడెక్కదు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (కార్బొరేటర్ నుంచి ఇంజిన్‌లోకి పోయే దారి) కూడా ఆ నీళ్ళతోనే వేడెక్కాలి, అదీ చల్లగానే ఉండిపోద్ది. మైలేజీ కూడా పోతా ఉంటది.

ముందు గొట్టం వేయించండి. ఒరిజినల్ దొరకదేమో, మడతలు మడతలుగా ఉండే అల్యూమినియం గొట్టం కొలత చూసి కోయించి రెండు వైపులా క్లిప్పు బిగిస్తే చాలు, ప్లాస్టిక్‌ది మాత్రం వద్దు, కరిగిపోద్ది. మార్చిలో తీసేసి డిక్కీలో పెట్టుకోండి. ఐడిల్ స్క్రూ మళ్ళీ వెనక్కి తిప్పించండి, లేకపోతే ఘాట్ దిగేటప్పుడు బండి తోసుకుంటూ పోద్ది.

పాడేరు మాస్టారు:
గొట్టం వేయించాను, ఈ వారం ఒక్కసారి కూడా ఆగలేదు, సోమవారం మంచు మామూలుగా లేదు అయినా సరే. ఒకటి రెండు చోట్ల పికప్ కొంచెం తగ్గినట్టు అనిపించింది అంతే. థర్మోస్టాట్‌కి ఆదివారం వైజాగ్ వెళ్తున్నా, షాపులో 82 డిగ్రీలదా 88 దా అని అడుగుతున్నారు, ఏది తెచ్చుకోమంటారు?

అనకాపల్లి పాత మెకానిక్:
82 చాలు. గాస్కెట్ విడిగా అడిగి తీసుకోండి, దానికోసం మళ్ళీ ఘాట్ దిగాల్సొస్తది. లోపల కుళాయి నీళ్ళు ఉంటే మొత్తం తీయించి కూలెంట్ పోయించండి, గాలి పూర్తిగా బయటికి పోయేదాకా రేడియేటర్ మూత బిగించొద్దని చెప్పండి.