అత్తయ్య మడమ పుండు రెండు నెలలైనా మానడం లేదు

మురళీనగర్ కోడలు:
మా అత్తయ్యకు 78 ఏళ్లు. స్నానాల గదిలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది, కుట్లూ ఆరిపోయాయి. ఆసుపత్రిలో ఉండగానే ఎడమ మడమ మీద ఎర్రటి మచ్చ కనిపించింది. ఇంటికి వచ్చాక అది పొక్కింది. ఇప్పుడు రూపాయి బిళ్లంత నల్లటి పెచ్చు కట్టింది. నడుము కింద కూడా చర్మం ఒరుసుకుపోయి పచ్చిగా ఉంది. షుగరు లేదు. డ్రెస్సింగ్ చేసే అతను రోజు విడిచి రోజు వస్తున్నాడు. యాంటీబయాటిక్ రెండు కోర్సులు వాడాం. ఏ ఆయింట్‌మెంట్ రాస్తే మానుతుందో తెలిసినవారు చెప్పండి.

గాజువాక పెద్దాయన:
అమ్మా, పసుపులో కొబ్బరినూనె కలిపి పట్టించండి. మా అమ్మ మాకు అన్ని గాయాలకూ అదే రాసేది. డ్రెస్సింగ్ తీసేసి గాలి తగలనివ్వండి, ఎండుతుంది.

పాత స్టాఫ్ నర్సు:
పెద్దాయన గారూ, మీ అమ్మగారు రాసింది పదేళ్ల పిల్లల మోకాళ్లకు. ఆ మోకాళ్లు ఏమీ రాయకపోయినా మానేవే. వంటింటి పసుపును తెరిచిన పుండులో వేస్తే ముద్దకట్టి లోపలే ఉండిపోతుంది. అడుగున ఏముందో మాకు కనిపించదు. ఇక గాలికి ఆరబెట్టడమా? తేమ నిలిపి కప్పిన గాయం మీద కొత్త చర్మం త్వరగా పాకుతుందని 1962లోనే జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద ప్రయోగం చేసి చూపించాడు. నడుము దగ్గరి పచ్చి పుండుకు అదే వర్తిస్తుంది.

మడమ సంగతి వేరు. నల్లటి పెచ్చు పొడిగా, గట్టిగా ఉండి, చుట్టూ ఎరుపు, వాపు, చీము లేకపోతే దాన్ని కదపకూడదు. నానబెట్టకూడదు, గీకకూడదు. అదే దానికి మూత. ముందు పాదం మీద నాడి అందుతోందో లేదో డాక్టరు చేత చూపించండి. కాలికి రక్తం సరిగా పారకపోతే ఏ ఆయింట్‌మెంటూ పనిచేయదు.

రెండు ప్రశ్నలు. పడుకున్నప్పుడు మడమ దేనికి ఆనుతోంది? ఆవిడ ఏమి తింటున్నారు?

మురళీనగర్ కోడలు:
మడమ కింద మెత్తటి దిండు పెట్టాం. నడుము కింద గాలి ట్యూబు. తిండి అంటే పథ్యమే. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం చారన్నం, రాత్రి గంజి లేదా మజ్జిగన్నం. పప్పు తింటే చీము పడుతుందని మా ఆడపడుచు పెట్టనివ్వదు. గుడ్డు, చేప ఆపరేషన్ నాటి నుంచీ బంద్. పడకముందు 47 కిలోలు ఉండేవారు, మొన్న తూస్తే 42.

పాత స్టాఫ్ నర్సు:
అదిగో, అసలు సంగతి ఇప్పుడు చెప్పారు.

పప్పు వల్ల చీము పట్టదండీ. చీము క్రిముల వల్ల పడుతుంది. ముప్పై ఏళ్లు సర్జరీ వార్డుల్లో ఈ మాట చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది. ఇలా ఒకేచోట ఆనుకుని పడుకోవడం వల్ల వచ్చే ఒత్తిడి పుండు ఉన్నవారికి కిలో బరువుకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 42 కిలోలకు లెక్క వేస్తే 52 నుంచి 63 గ్రాములు. మీరు చెప్పిన పథ్యంలో ఇరవై గ్రాములు దాటడం కూడా కష్టమే. గుడ్డుకు ఆరు గ్రాములు, గ్లాసు పాలకు మరో ఆరు. వంద గ్రాముల చేపలో దాదాపు ఇరవై. విశాఖలో సముద్రం పక్కన ఉండి ఆవిడకు చేప ఆపేశారు! కిడ్నీ జబ్బు ఉందేమో మాత్రం ముందు డాక్టరుతో తేల్చుకోండి, ఉంటే ఈ లెక్క మారుతుంది.

మడమ కింద దిండు తీసేయండి. మోకాలి కింది నుంచి చీలమండ పైదాకా పిక్క కింద పెట్టండి, మడమ గాలిలో తేలాలి. ట్యూబు కూడా తీసేయండి. దాని అంచు చుట్టూ నొక్కి, మధ్యలోకి రక్తం రానివ్వదు. మన ఊరి ఉక్కలో రెగ్జిన్ షీటు మీద పడుకోబెడితే చెమటకు చర్మం నాని ఇంకా త్వరగా చిట్లుతుంది. నూలు దుప్పటి వేయండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే అక్కడ పుండు మొదలైందని అర్థం. దాన్ని మర్దన చేయవద్దు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి.

మద్దిలపాలెం ఫిజియో:
నర్సమ్మ గారు పుండు గురించి చెప్పారు, నేను మనిషి గురించి చెబుతాను. ఐదు కిలోలు తగ్గడం అంటే కొవ్వు ఒక్కటే పోయిందని కాదు, కండ పోయింది. పుండు పూడ్చడానికి కావలసిన ప్రొటీన్ తిండిలో దొరకకపోతే శరీరం కండనే కరిగించుకుంటుంది. ఇలా కండ, బలం తగ్గి మనిషే డీలాపడటాన్ని మేము ఫ్రెయిల్టీ అంటాం. వృద్ధుల వైద్యురాలు లిండా ఫ్రైడ్ బృందం 2001లో ఐదు గుర్తులు చెప్పింది: ఏడాదిలో నాలుగున్నర కిలోలకు పైగా అనుకోకుండా తగ్గడం, ఊరికే అలసట, పిడికిలి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలిక తగ్గడం. మూడు ఉంటే ఫ్రెయిల్. మీ అత్తయ్య గారికి ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి. టైలరు టేపుతో వాపు లేని కాలి పిక్క కొలవండి. ఆడవారికి 33 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే కండ తగ్గిందేమోనని అనుమానించాలి.

సర్జన్ ఒప్పుకుంటే రోజుకు మూడుసార్లు మంచం అంచున కూర్చోబెట్టి, వాకర్ పట్టుకుని లేవడం చేయించండి. పడుకోబెట్టి బలం పెంచలేం.

ఎంవీపీ అబ్బాయి:
మా నాన్నకు ఇదే జరిగింది. వెళ్లిన ప్రతి చోటా పుండు చూసి మందు మార్చారు. బరువు తూచినవారు ఒక్కరూ లేరు. నాలుగో చోట ఒక చిన్న డాక్టరమ్మ మందుల చీటీలన్నీ పరిచి, ఆయాసానికి వేసుకుంటున్న స్టెరాయిడ్ మాత్ర గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుందని పట్టుకుంది. మీరు కూడా పాత చీటీలు తీయండి. అయితే స్టెరాయిడ్ మాత్రం ఎవరికి వారు ఆపేయకూడదు.

పెదవాల్తేరు మనవరాలు:
మా బామ్మ చేతికి ప్లాస్టరు లాగితే చర్మం కాగితంలా ఊడివచ్చింది. అప్పటి నుంచి ప్లాస్టరు చర్మానికి అంటించకుండా, డ్రెస్సింగ్ పైన మెత్తటి బ్యాండేజీ చుడుతున్నాం.

గాజువాక పెద్దాయన:
నర్సమ్మ గారూ, నామీద కోపం వద్దు. నిజం చెబుతాను. నాకు పద్దెనిమిదేళ్లుగా షుగరు. రెండేళ్ల క్రితం సింహాచలం గిరి ప్రదక్షిణ ముప్పై రెండు కిలోమీటర్లూ చెప్పులు లేకుండా నడిచాను. అరికాలు పొక్కింది, నొప్పి తెలియలేదు. పసుపే రాశాను. పదో రోజు వాసన వస్తే మా అమ్మాయి చూసింది. ఒక వేలు తీసేశారు. మిగిలిన పుండు మానడానికి నాలుగు నెలలు, అదీ కాలు కింద పెట్టనివ్వకుండా కట్టు వేస్తేనే. అయినా పొద్దున చేయి పసుపు డబ్బా మీదికే పోయింది చూడండి.

పాత స్టాఫ్ నర్సు:
కోపం లేదండీ. రోజూ రాత్రి అరికాళ్లు అద్దంలో చూసుకోండి.

మురళీనగర్ కోడలు (ఐదు వారాల తరువాత):
కాలి నాడి బాగుందన్నారు, కిడ్నీ కూడా. దిండు మార్చిన మొదటి వారం ఆవిడ తన్నేసేవారు, ఇప్పుడు అలవాటైంది. గుడ్లు రెండు, రెండు పూటలా పప్పు, చోడి అంబలిలో నీళ్లకు బదులు పాలు. ఒకేసారి తినలేరు, ఆరుసార్లు కొంచెం కొంచెంగా పెడుతున్నాను. బరువు 43. ఆడపడుచు నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు తనే హార్బరు నుంచి చేపలు తెచ్చి పులుసు పెట్టింది. నడుము దగ్గర పుండు సగానికి పైగా పూడింది. రాత్రిపూట తిప్పడం మాత్రం నా వల్ల కావడం లేదు, గాలి పరుపు అద్దెకు తెచ్చాం.

మడమ పెచ్చు ఒక అంచున లేస్తోంది. కత్తెరతో తీసేయవచ్చా?

పాత స్టాఫ్ నర్సు:
చేయి పెట్టవద్దు. రేపు డ్రెస్సింగ్ అతను వచ్చినప్పుడు ఆ అంచు కింద తడి ఉందేమో చూడమనండి. ఉంటే అదే రోజు డాక్టరుకు చూపించండి. పొడిగా ఉంటే దానంతట అదే రాలనివ్వండి.