పదమూడు మందితో డిస్నీ వరల్డ్: అందరం కలిసే తిరగాలంటున్న నాన్నకి ఏం చెప్పాలి?

అడిగినవారు: ఇంట్లో చిన్నోడు

నమస్తే అండి. వచ్చే జూన్‌లో ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కి వెళ్దామని మా ఇంట్లో తీర్మానమైంది. తీర్మానం అందరిదీ, ప్లానింగ్ మాత్రం నా నెత్తిన పడింది. ఇంట్లో చిన్నవాణ్ణి, పైగా ఎక్సెల్ వచ్చినవాణ్ణి.

మేం పదమూడు మందిమి. అమ్మ, నాన్న (71, రెండు మోకాళ్లూ నొప్పే, ఒప్పుకోరు). అన్నయ్య, వదిన, వాళ్ల పాప 16, బాబు 11. అక్క, బావ, వాళ్ల పిల్లలు 9, 6. నేను, మా ఆవిడ, మా చంటిది. ప్రయాణం నాటికి దానికి రెండేళ్ల పది నెలలు.

నాన్న ఒకే ఒక్క షరతు పెట్టారు. "వెళ్తే అందరం కలిసి తిరగాలి. విడివిడిగా తిరగడానికి అంత దూరం పోవడం దేనికి?" అన్నారు. అన్నయ్య కూతురికి రోలర్ కోస్టర్లు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. అక్క చిన్నకొడుకు అదేం ఎక్కితే అదే ఎక్కుతానంటాడు. అమ్మ ఏమీ అనదు, కానీ ఎండకి అస్సలు తట్టుకోలేదు. అక్కడి నాలుగు పార్కులు (మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్), నాలుగు రోజులు వరసగా అని రాసుకున్నాను. ఇల్లు అద్దెకి తీసుకోవాలా, హోటలా అన్నది ఇంకా తేలలేదు. పెద్ద కుటుంబాలతో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. నాన్నని ఒప్పించాలా, నేనే ఆయన మాటకి ఒప్పుకోవాలా?

జవాబు: పదహారుమందిలో కోడలు

ముందు మీ నాన్నగారి సంగతి చెప్తాను, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

మేం వెళ్లింది పదహారుమందిమి. మా మామగారు కూడా అచ్చంగా ఈ మాటే అన్నారు. మొదటిరోజు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఆయన మాట ప్రకారమే నడిచాం. పొద్దున్న తొమ్మిదికి గేటు దాటాం, మధ్యాహ్నం పన్నెండున్నరకి లెక్క చూస్తే ఎక్కినవి రెండే రైడ్లు. ఎవరూ తప్పు చేయలేదండీ. ఒకరికి బాత్రూం, ఒకరికి కాఫీ, ఒకరికి టోపీ కొనాలి, ఒకరు ఆ టోపీ కొన్నవాళ్ల కోసం ఆగాలి. పదహారుమంది ఒక్కొక్కసారి ఆగినా పదహారు ఆగుళ్లు. రెండోపూట మా తోడికోడలు, నేను మాట్లాడుకోవడం మానేశాం.

ఆ రాత్రి మామగారే కూర్చోబెట్టి అడిగారు, "రేపు ఏం చేద్దాం?" అని. అప్పుడు తేలిందేమిటంటే, ఆయనకి కావలసింది రోజంతా మా వెనక నడవడం కాదు, రోజుకి రెండు మూడుసార్లు అందరూ కళ్లముందు ఉండటం. అంతే. మరుసటిరోజు నుంచి ఇలా చేశాం: పొద్దున్న లోపలికి అందరం కలిసి వెళ్లి, అందరూ ఎక్కగలిగే ఒక రైడ్ ఎక్కుతాం. మధ్యాహ్నం భోజనం ఒకే చోట. రాత్రి బాణసంచా ఒకే చోట. మధ్యలో మూడు జట్లు. మీ నాన్నగారితో "విడిపోదాం" అని మొదలుపెట్టకండి. "మూడుసార్లు కలుద్దాం" అని మొదలుపెట్టండి.

కలిసే చోటు మాత్రం బాగా ఆలోచించి పెట్టుకోండి. మేం తెలివితక్కువగా "కోట ముందు" అనుకున్నాం. లోకంలో ప్రతి కుటుంబమూ కోట ముందే అనుకుంటుంది! ఆ జనంలో మా ఆడపడుచుని వెతకడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. తర్వాత నుంచి అదే పార్కులో టుమారోలాండ్ అనే భాగంలో కాస్మిక్ రేస్ అనే రెస్టారెంట్‌లో కలిశాం. పెద్ద హాలు, ఏసీ, ఓ గ్రహాంతరవాసి బొమ్మ కీబోర్డు వాయిస్తూ పాడుతూ ఉంటుంది. పెద్దవాళ్లు అరగంట ముందే వచ్చి కూర్చున్నా విసుక్కోలేదు. ఆర్డర్ ఫోన్ యాప్‌లో ముందే పెట్టేసుకోవచ్చు, కౌంటర్లో నిలబడక్కర్లేదు. కౌంటర్లో అడిగితే ఐసు నీళ్లు ఊరికే ఇస్తారు, సీసా నీళ్లు కొనకండి. బయటి తిండి కూడా తెచ్చుకోనిస్తారు, గాజు డబ్బాలు మాత్రం వద్దు.

ఇక మోకాళ్లు. మామగారిని వీల్‌చెయిర్ అంటే "నేనేం రోగినా?" అన్నారు. మా వారు గేటు దగ్గర ఒకటి అద్దెకి తీసుకుని, "సంచులు పెట్టుకోవడానికి నాన్నా" అన్నారు. పదింటిదాకా అందులో సంచులే ఉన్నాయి. పదకొండుకి మామగారు కూర్చుని ఒళ్లో సంచులు పెట్టుకున్నారు. నాలుగు రోజులూ మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు, మీరూ ఎత్తకండి. ఒకటి తెలుసుకోండి: వీల్‌చెయిర్ ఉంటే లైను తప్పుతుందనుకోవద్దు. చాలా లైన్లు వీల్‌చెయిర్ పట్టేలా కట్టారు కాబట్టి అందరితోపాటే వెళ్లాలి. కానీ కూర్చుని వెళ్తారు, అదే పెద్ద లాభం.

పెద్దవాళ్లకి మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కారసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ పెట్టుకోండి. ఇరవై నిమిషాలు చల్లగా కూర్చుంటే, ప్రేక్షకుల కుర్చీలే ఒక వేదిక నుంచి ఇంకో వేదికకి తిరుగుతాయి. 1964 న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్ కోసం చేసింది అది. మా అత్తగారు మొదటి రెండు సీన్లు చూసి, మూడో దాంట్లో నిద్రపోయి లేచి "ఎంత బాగుందో" అన్నారు. ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ పడవ చంటిదాని దగ్గర్నుంచి నాన్నగారి దాకా అందరూ ఎక్కొచ్చు, మీ పొద్దుటి "అందరి రైడ్" అదే పెట్టుకోండి. పీపుల్‌మూవర్ అనే నెమ్మది బండి కూడా హాయిగా ఉంటుంది కానీ, ఎక్కేటప్పుడు కాలికింద నేల కదులుతూ ఉంటుంది. మోకాళ్ల వాళ్లకి చెయ్యి పట్టుకునే మనిషి ఉండాలి. యానిమల్ కింగ్‌డమ్‌లో సఫారీ ట్రక్కు పొద్దున్నే ఎక్కేయండి, ఎండెక్కితే జంతువులు కూడా మనలాగే నీడకి పోతాయి.

అసలు మా యాత్ర మొత్తానికి హీరో ఎప్‌కాట్‌లో లివింగ్ విత్ ది ల్యాండ్. నెమ్మదిగా పోయే పడవ, అది గ్రీన్‌హౌస్‌ల్లోంచి వెళ్తుంది, నేల లేకుండా కూరగాయలు పెంచుతుంటారు. మామగారు వ్యవసాయం చేసిన మనిషి. మూడుసార్లు ఎక్కించాం. పిల్లలు కోస్టర్ గురించి చెప్తుంటే ఆయన వేలాడే వేళ్ల గురించి చెప్పారు.

మీ అక్క చిన్నబ్బాయిని ఇవాళే గోడకి ఆనించి కొలవండి. బూట్లతోనే. కోస్టర్లు ఎక్కాలంటే కనీసం ఇంత ఎత్తు ఉండాలి: స్పేస్ మౌంటెన్‌కి 44 అంగుళాలు, సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కి 38, స్లింకీ డాగ్ డ్యాష్‌కి 38, ట్రాన్‌కి 48. మా మేనల్లుడు అర అంగుళం తక్కువయ్యాడు. ఎక్కిస్తామని ఆర్నెల్లుగా చెప్తున్నది మేమే కాబట్టి వాడి ఏడుపుకి మేమే జవాబుదారీ. ఇంట్లో కొలిచి, "నువ్వు ఎక్కేవి ఇవి" అని వాడికో జాబితా రాసిస్తే మిగతావాటి జోలికి పోడు. అంటే, ఎక్కువగా పోడు.

మీ చంటిదాని కోసం మీరిద్దరూ పెద్ద రైడ్లు వదులుకోనక్కర్లేదు. రైడర్ స్విచ్ అని ఉంది. ఎత్తు నిబంధన ఉన్న రైడ్ దగ్గర సిబ్బందికి ముందే చెప్తే, ఒకరు పాపతో బయట ఉంటారు, మిగతావాళ్లు ఎక్కి వస్తారు. తర్వాత బయట ఉన్నవాళ్లు మళ్లీ మామూలు లైన్లో నిలబడక్కర్లేకుండా లైట్నింగ్ లేన్ (డబ్బు కట్టి పాసు కొన్నవాళ్ల పొట్టి లైను) దారిలో వెళ్తారు.

నాలుగు రోజులు వరసగా మాత్రం వద్దండీ బాబూ. మామూలు 4 రోజుల టికెట్‌కి 7 రోజుల గడువు ఉంటుంది. రెండు రోజులు తిరిగి, ఒకరోజు ఈతకొలను పక్కన పడుండి, మళ్లీ రెండు రోజులు తిరగండి. జూన్‌లో అక్కడ మధ్యాహ్నాలు ఉరుములు మెరుపులతో వాన మామూలే. మెరుపులుంటే బయటి రైడ్లు ఆపేస్తారు. కాబట్టి పొద్దున్నే దున్నేయండి, ఒంటిగంట తర్వాత లోపల ఉండేవి చూసుకోండి.

జవాబు: లెక్కల మాస్టారు కాదు, లెక్కలవాడు

పై మేడమ్ అంతా చెప్పేశారు, నాది వసతి, డబ్బు సంగతి.

మూడేళ్ల లోపు పిల్లలకి పార్కు టికెట్ అక్కర్లేదు. అంటే మీకు 12 టికెట్లే. 3 నుంచి 9 దాకా పిల్లల టికెట్, 10 నుంచి పెద్దవాళ్లదే. ఆ రెండింటికీ తేడా పెద్దగా ఏమీ ఉండదు, దాని గురించి మీ అక్క పుట్టినరోజులు లెక్కపెట్టుకోనక్కర్లేదు.

నేనైతే హోటలే అంటాను. డిస్నీ వాళ్ల ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌లో ఫ్యామిలీ సూట్‌లు ఉన్నాయి. ఆరుగురు పడతారు, రెండు బాత్రూంలు. మూడేళ్ల లోపు పాప ఉయ్యాల మంచంలో పడుకుంటే లెక్కలోకి రాదు. ఒక దాంట్లో మీ అన్నయ్యవాళ్లు నలుగురు, అమ్మానాన్నలు. ఇంకో దాంట్లో అక్కవాళ్లు నలుగురు, మీ ఇద్దరూ, చంటిది. సరిగ్గా రెండు సూట్‌లు, మీ కోసమే కట్టినట్టు. అక్కడినుంచి స్కైలైనర్ అనే తీగమీది డబ్బాలో ఎప్‌కాట్‌కీ, హాలీవుడ్ స్టూడియోస్‌కీ ఊరికే వెళ్లొచ్చు. మధ్యలో ఒకచోట మారాలి. మెరుపులుంటే అదీ ఆపుతారు, అప్పుడు బస్సు. ఒక్కటి గుర్తుంచుకోండి, స్కైలైనర్ ఎప్‌కాట్ వెనక గేటు దగ్గర దింపుతుంది. ఆ కూరగాయల పడవకి అక్కడినుంచి బాగానే నడవాలి, వీల్‌చెయిర్ సంగతి ముందే చూసుకోండి.

డిస్నీ హోటల్‌లో ఉన్నవాళ్లని పార్కులోకి అరగంట ముందు పంపిస్తారు. లైట్నింగ్ లేన్ పాసులు వాళ్లు 7 రోజుల ముందు బుక్ చేసుకోవచ్చు, బయట ఉన్నవాళ్లకి 3 రోజుల ముందే. పదమూడు మందికీ ఆ పాసులు కొనకండి. రోజుకి, మనిషికి లెక్క అది. కోస్టర్లు ఎక్కే అయిదారుగురికి కొంటే చాలు. మీ నాన్నగారు పడవెక్కడానికి పాసు ఎందుకు?

బల్లల దగ్గర కూర్చోబెట్టి వడ్డించే చోట తినాలంటే 60 రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు. పదమూడు మందికి ఒకే బల్ల అని పట్టుబడితే దొరకడం కష్టం. ఆరు, ఏడుగా పక్కపక్క టైములకి చూడండి.

జవాబు: పదహారుమందిలో కోడలు

హోటల్ విషయంలో నాది వేరే మాట. మేం డిస్నీకి దగ్గర్లో ఉన్న కిసిమ్మీ అనే ఊళ్లో ఇల్లు అద్దెకి తీసుకున్నాం. పెద్ద వంటగది, బట్టలుతికే మెషీను, రాత్రి అందరం కూర్చోవడానికి ఒక హాలు. మామగారికి "కలిసి ఉండటం" నిజంగా జరిగింది ఆ హాల్లోనే, పార్కులో కాదు. అయితే నిజం చెప్పాలి, రెండు కార్లు కావాలి, పార్కింగ్‌కి రోజూ డబ్బు కట్టాలి. మ్యాజిక్ కింగ్‌డమ్‌కైతే కారు పెట్టాక మోనోరైలో, పడవో ఎక్కి చెరువు దాటితేగానీ గేటు రాదు. దానికే చాలాసేపు పోతుంది. మధ్యాహ్నం వెనక్కొచ్చి పడుకుందామంటే ఆ ఇంటికి రావాలనిపించదు. మీ అమ్మగారికి ఎండ పడదన్నారు కదా, అది చూసుకుని తేల్చుకోండి.

జవాబు: ఒకప్పటి పదహారేళ్ల పిల్ల

అన్నయ్యగారి కూతురి తరఫున వచ్చాను.

మా వాళ్లు తీసుకెళ్లినప్పుడు నాకు పదిహేనేళ్లు. "పెద్దపిల్లవి కదా" అని చిన్నవాళ్ల స్ట్రోలర్ నా చేతికిచ్చారు. రోజంతా తోశాను. ఆ రోజు నేనెక్కిన కోస్టర్లు ఎన్నో తెలుసా? ఒకటి. అదీ మా పిన్ని పోట్లాడితే. ఫోటోల్లో నేను నవ్వుతున్నవి లేవు, ఇప్పటికీ మా అమ్మ ఎందుకో అర్థంకాక అడుగుతుంది.

అక్కడ 14 ఏళ్లు దాటితే పెద్దవాళ్లు పక్కన లేకుండా లోపలికి వెళ్లొచ్చు, 14 లోపు వాళ్లకి తోడుగా కూడా ఉండొచ్చు. కాబట్టి ఆ అమ్మాయినీ, 11 ఏళ్ల తమ్ముణ్ణీ వాళ్ల మానాన వదిలేయండి. ఫోన్‌కి చార్జింగ్ పవర్ బ్యాంకు ఇవ్వండి, భోజనానికి ఎక్కడికి రావాలో చెప్పండి, వస్తారు. స్ట్రోలర్ మాత్రం మీది మీరే తోసుకోండి అంకుల్. అన్నట్టు వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 దాటితే రానివ్వరు. పిల్లల్ని కూర్చోబెట్టి లాగే బండి, వ్యాగన్, అసలే వద్దు.

అడిగినవారు: ఇంట్లో చిన్నోడు

అందరికీ థాంక్స్ అండి. ఆదివారం అందరం వీడియో కాల్‌లో కూర్చున్నాం. "విడిపోదాం" అనలేదు. "రోజుకి మూడుసార్లు కలుద్దాం నాన్నా" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మూడోసారి బాణసంచా దగ్గరేనా?" అని అడిగారు. ఒప్పుకున్నట్టే.

అమ్మ ఎండ సంగతి చూసి హోటల్‌కే వెళ్తున్నాం, రెండు సూట్‌లు. కోడలుగారూ, ఆ హాలు మాట మా వదిన పట్టుకుంది, రాత్రిళ్లు ఒక సూట్‌లో అందరం చేరాలని ఇప్పుడే ఆర్డరేసింది. అక్క కొడుకుని కొలిచాం. బూట్లతో 43. జాబితా రాసిచ్చాం. వాడు దాని కింద "స్పేస్ మౌంటెన్ (జూన్‌కి పెరిగితే)" అని రాసుకున్నాడు, కొట్టేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అన్నయ్య కూతురు ఇక్కడి చివరి జవాబు చదివి వాళ్ల నాన్నకి ఫార్వర్డ్ చేసింది.

వీల్‌చెయిర్ సంచుల కోసమే అని నాన్నకి చెప్పాను. నమ్మలేదనుకుంటాను. కానీ గ్రీన్‌హౌస్ పడవ సంగతి చెప్పాక దాని గురించే అడుగుతున్నారు. ఆయన తరఫున చివరి ప్రశ్న: పడవలోంచి ఆ మొక్కలు చేతికి అందుతాయా?

జవాబు: పదహారుమందిలో కోడలు

పడవలోంచి చెయ్యి బయటపెట్టకూడదండీ. ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టండి. మేం మామగారిని అంచున కూర్చోబెట్టి మూడుసార్లూ మైకులో చెప్పించుకున్నాం.