పసుపు ఇటుకల బాట అంటే బంగారమేనా?

గోదారి గట్టు: అందరికీ నమస్కారమండీ. మా అమ్మాయికి కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్ గారు చెప్పారట, ‘విజార్డ్ ఆఫ్ ఓజ్’ పిల్లల కథ కానే కాదు, అందులో పసుపు ఇటుకల బాట అంటే గోల్డ్ స్టాండర్డ్ (డబ్బు విలువని బంగారానికి కట్టెయ్యడం), కథలో అమ్మాయి డొరోతీ వేసుకునే వెండి చెప్పులంటే వెండి నాణేలు, రచయిత కావాలనే లోపల దాచిపెట్టి రాశాడు అని. నాకు గుర్తున్నది గడ్డిబొమ్మ, రేకు మనిషి, పిరికి సింహం, అంతే. ఇది మన ద్వ్యర్థి కావ్యాల లాంటిదా అండీ?

పాత పుస్తకాల పిచ్చి: పుస్తకం వచ్చింది 1900 లో. ఈ వ్యాఖ్యానానికి పేరొచ్చింది 1964 లో, అంటే రచయిత ఫ్రాంక్ బామ్ పోయిన 45 ఏళ్ళకి. న్యూయార్క్ రాష్ట్రం మౌంట్ వెర్నన్‌లో హైస్కూల్ టీచరు హెన్రీ లిటిల్‌ఫీల్డ్ అని, 1890ల నాటి అమెరికా చరిత్ర పిల్లలకి ఎక్కించడానికి ఈ కథని వాడుకుని, తర్వాత దాన్నే వ్యాసంగా రాశాడు. అప్పటి సంగతేంటంటే డబ్బు బంగారానికి కట్టేసి ఉండడంతో చలామణీ చాలక పంటల ధరలు పడిపోయి రైతులకి అప్పు మాత్రం అలాగే కూచుంది, వెండిని కూడా 16 పాళ్ళు ఒక పాలు బంగారానికి సమానం అన్న లెక్కన నాణేలు కొట్టండి మా చేతిలో నాలుగు డబ్బులాడతాయి అని వాళ్ళ గోల. 1896 లో విలియం జెన్నింగ్స్ బ్రయన్ అనే నాయకుడు ఆ మాట మీదే ప్రెసిడెంటు ఎన్నికల్లో నిలబడి మెకిన్లీ చేతిలో ఓడిపోయాడు. ఇంక చూస్కోండి, గడ్డిబొమ్మ రైతు, రేకు మనిషి ఫ్యాక్టరీ కూలీ, గర్జించడమే తప్ప పస లేని సింహం బ్రయన్. క్లాసులో చెప్తే పిల్లలు మర్చిపోతారా చెప్పండి?

లెక్కల మనిషి: అంత తేలిగ్గా కొట్టిపారెయ్యకండి సార్, చాలా చోట్ల భలే అతుకుతుంది. ఓజ్ మాయగాడు ఉండే పచ్చల నగరం గేటు దగ్గర కాపలావాడు వచ్చిన ప్రతివాడికీ ఆకుపచ్చ కళ్ళజోడు పెట్టి తాళం వేసేస్తాడు, ఆఖరికి కుక్కపిల్ల టోటోకి కూడా. అద్దాల వల్లే ఊరంతా పచ్చగా కనిపిస్తుంది. అప్పటి అమెరికా కాగితం నోట్లని గ్రీన్‌బ్యాక్స్ అనేవాళ్ళు, నమ్మితేనే విలువ. పైగా చివర్లో డొరోతీ ఇంటికి ఎగిరిపోతుంటే వెండి చెప్పులు ఎడారిలో జారిపోయి మళ్ళీ దొరకవు, వెండి ఉద్యమం గతీ అంతేగా. ఇంకోటి, రాజభవనంలో డొరోతీని తన గదికి ఏడు నడవాలు దాటించి మూడు అంతస్తుల మెట్లెక్కించి తీసుకెళ్తారు. 7, 3. వెండికి నాణేల హోదా తీసేసిన చట్టం 1873 ది!

పాత పుస్తకాల పిచ్చి: ఈ ఏడు మూళ్ళు చదివినప్పుడు నవ్వాగలేదండీ నాకు, బోడిగుండుకీ మోకాలికీ ముడంటే ఇదే. కానీ అది అచ్చయింది ఏ చిన్నాచితకా పత్రికలోనో కాదు, 1990 లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో, రాసింది హ్యూ రాకాఫ్ అనే ఎకనామిస్టు. రేపు ఎనిమిది నడవాలుంటే ఇంకో ఏడాది, ఐదు అంతస్తులుంటే ఇంకో చట్టం, వెతికేవాడికి కరువేంటి. లిటిల్‌ఫీల్డేమో ఇదంతా ఊహే అని ఒప్పుకుంటూనే, కాకతాళీయం అనడానికి మరీ ఎక్కువగా కుదిరింది అని కూడా రాశాడు, తర్వాతవాళ్ళు మొదటి ముక్క వదిలేసి రెండోది పట్టుకున్నారు. అసలు 1896 లో బామ్ చికాగో పత్రికలో పద్యం రాసింది మెకిన్లీ తరఫున, వెండి వాళ్ళ తరఫున కాదు. ఇది బయటపెట్టింది బామ్ పుస్తకాల మీద పరిశోధించిన మైకేల్ హెర్న్. 1992 లో లిటిల్‌ఫీల్డ్ కూడా న్యూయార్క్ టైమ్స్‌కి ఉత్తరం రాసి, బామ్‌కి ఆ రాజకీయాలు ఉన్నాయనడానికి ఆధారం లేదని ఒప్పేసుకున్నాడు. పాఠాలు మాత్రం ఇంకా అలాగే నడుస్తున్నాయి.

తెలుగు టీచరమ్మ: ద్వ్యర్థి అన్నారు కాబట్టి ఒక్క మాట. పింగళి సూరన రాఘవపాండవీయంలో ప్రతి పద్యం రామాయణానికీ భారతానికీ రెండింటికీ అన్వయించాలి, అది ఆయన పెట్టుకున్న పందెం, రెండర్థాల పద్యం ఒక్కటి కట్టడమే కష్టం, ఇంక కావ్యమంతానా అని కావ్యం మొదట్లోనే ఉంటుంది. బామ్ కూడా ముందుమాట రాశాడు, చికాగో, 1900 ఏప్రిల్, ఈనాటి పిల్లల్ని సంతోషపెట్టడానికే రాశాను, పాత కథల్లోని భయాలూ ఏడుపులూ తీసేశాను అని. సూరన ఉందని చాటాడు, ఈయన లేదన్నాడు, రెండూ ఒక గాటన ఎలా కడతాం?

లెక్కల మనిషి: మేడమ్, కవి లేదంటే లేనట్టేనా? ధ్వని, అంటే పైకి చెప్పకుండా స్ఫురించే అర్థం సంగతి మీరే చెప్పాలి, ఆ వ్యంగ్యార్థం పట్టుకునేది సహృదయుడే, అంటే రసజ్ఞుడైన పాఠకుడే కదా.

తెలుగు టీచరమ్మ: సహృదయుడే నాయనా, కానీ గాల్లోంచి కాదు. ధ్వని సిద్ధాంతం చెప్పిన ఆనందవర్ధనుడు ఇచ్చిన ఉదాహరణలోనే చూడు, కుక్కని సింహం చంపేసింది స్వామీ ఇంక నువ్వు హాయిగా తిరుగు అని సన్యాసికి ఒకామె చెప్తుంది, అంటే సింహం ఉంది, అటువైపు రావద్దని. ఎవరు ఎవరితో ఎక్కడ ఎందుకు అంటున్నారో తెలిస్తేనే ఆ అర్థం. ఓజ్‌లో అలా పట్టుకోడానికి కథ లోపల ఏముంది? కళ్ళజోడు ఒక్కటీ నేనూ ఒప్పుకుంటాను, జనం నమ్మకంతో ఆడుకునే మాయగాడి కథ అది, ఆ వెక్కిరింత ఏ కాలపు నాయకుడికైనా తగులుతుంది. బ్రయన్, 1873 మాత్రం బయటినుంచి తెచ్చి తగిలించినవే. తగిలించుకోవద్దు అనను, మనం తగిలించాం అని చెప్పాలి అంతే. లెక్చరర్ గారు ‘రచయిత దాచాడు’ అనడం దగ్గరే నాకు పేచీ.

గోదారి గట్టు: ఇప్పుడర్థమైందండీ, అందరికీ థాంక్స్. వచ్చే వారం క్లాసులో సినిమా కూడా వేస్తారట.

పాత పుస్తకాల పిచ్చి: అయితే మీ అమ్మాయికి ముందే చెప్పండి, 1939 సినిమాలో చెప్పులు వెండివి కావు, కలర్లో బాగా కొట్టొచ్చినట్టు కనపడాలని కెంపుల ఎరుపు చేసేశారు. వెండి నాణేల థియరీ అంతా విన్నాక తెర మీద ఎర్ర చెప్పులు చూసి వెనక బెంచీవాడెవడో లేచి అడక్క మానడు.