థర్మోకోల్ బంతుల్లో నీటి అణువుకి 104.5° కోణం నిలబడటం లేదు, ఏం చేయాలి?

విజయవాడలో ఇంటర్ ఫస్టియర్ పిల్లలకి రసాయన బంధం పాఠం కోసం మోడల్స్ కడుతున్నాం. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్‌లకి 50 మి.మీ. థర్మోకోల్ బంతి, హైడ్రోజన్‌కి 25 మి.మీ.ది, మధ్యలో టూత్‌పిక్.

పెద్ద బంతి చుట్టూ కాగితం పట్టీ చుడితే 157 మి.మీ. వస్తుంది. దాని లెక్కన రెండు కన్నాల మధ్య దూరం మీథేన్‌కి (109.5°) 47.8, అమ్మోనియాకి (107°) 46.7, నీటికి 45.6 మి.మీ. చిక్కంతా ఇక్కడే. మీథేన్‌కీ నీటికీ తేడా రెండు మిల్లీమీటర్ల పైచిలుకే. టూత్‌పిక్ నాలుగుసార్లు తీసి గుచ్చేసరికి కన్నం వదులై, హైడ్రోజన్ బరువుకి కోణం జారిపోతోంది. ద్రావకం కలిసిన జిగురు పెడితే థర్మోకోలే కరిగిపోతుంది. తెల్ల ఫెవికాల్ కరిగించదు కానీ, అతికాక పిల్లలు విప్పి మళ్లీ కట్టలేరు. వాళ్ల చేత్తో కట్టడమే కదా అసలు పాఠం!

కన్నంలో పెన్ను రీఫిల్ ముక్క దూర్చి ఆపినవాళ్లు ఉన్నారా? లేక చెక్క పూసలకి మారడమే మేలా? బీసెంట్ రోడ్డులోనో వన్‌టౌన్‌లోనో దొరికే సరుకైతే మంచిది.

ఇంకొకటి. ఆక్సిజన్ మీదున్న రెండు ఒంటరి జంటలు (బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జతలు) నెట్టడం వల్లే హైడ్రోజన్లు దగ్గరికి జరుగుతాయి. అవి కనబడకపోతే నీటి అణువు ఎందుకు వంగిందో పిల్లలకి అందదు. బంతులు పెడితే మరో రెండు పరమాణువులనుకుంటారు. వాటిని దేనితో చూపిస్తున్నారు?