సమస్య: దోషి కానివాఁడె దోషి యయ్యె

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాం. విషయం బేస్‌బాల్ ఔట్‌ఫీల్డర్ (మైదానం వెనుక భాగంలో బంతి పట్టే ఆటగాడు) షూలెస్ జో జాక్సన్. దక్షిణ కరోలినా నూలుమిల్లు కుర్రాడు, చదువు రాదు. 1911లో క్లీవ్‌లాండ్ తరఫున .408 బ్యాటింగ్ సగటు కొట్టినా ఆ ఏటి బ్యాటింగ్ కిరీటం .420 కొట్టిన టై కాబ్‌కి పోయింది, అదో దురదృష్టం. 1919 వరల్డ్ సిరీస్‌ను (ఏటా జరిగే బేస్‌బాల్ చాంపియన్‌షిప్ పోటీని) అతను తర్వాత ఆడిన జట్టు చికాగో వైట్ సాక్స్ డబ్బుకు అమ్ముకుని కావాలనే ఓడిందన్న కేసులో ఇరుక్కున్న ఎనిమిది మందిలో ఒకడు.

నెల్లూరు మాస్టారు:

కోర్టు విడిచిపెట్టె, కొత్తగా వచ్చిన
లాండిసు మరునాఁడె లాగివైచె
నాటనుండి జోను, హా! న్యాయసభలోన
దోషి కానివాఁడె దోషి యయ్యె.

— మాస్టారూ, 'పెట్టె' ద్రుతాంతం (చివర 'న్' చేరే పదం) కదండీ, 'పెట్టెఁ గొత్తగా' అనాలి. క-గ లకు యతికి ఢోకా లేదు. 'మరునాఁడె' అక్షరాలా నిజం: 1921 ఆగస్టు 2న జ్యూరీ తీర్పు, 3న బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ విధించిన బహిష్కరణ.

డాలస్ అక్కయ్య:

బ్యాటు పట్టి కొట్టెఁ బన్నెండు హిట్లను
బంతి విడువలేదు పట్టు జాఱి
ఐదు వేల కవరు నందుకొన్న దినాన
దోషి కానివాఁడె దోషి యయ్యె.

— నాకు బాగా నచ్చిన పూరణ ఇదే. ఆ సిరీస్‌లో జో సగటు .375, ఫీల్డింగ్‌లో ఒక్క తప్పూ లేదు, సిరీస్ మొత్తానికి ఏకైక హోమ్‌రన్ కూడా అతనిదే. అయినా అయిదు వేల డాలర్లు పుచ్చుకున్నానని గ్రాండ్ జ్యూరీ ముందు తనే ఒప్పుకున్నాడు. అక్కయ్య అతన్ని వెనకేసుకు రాలేదు, తిట్టనూ లేదు.

కొత్తగా చేరిన తమ్ముడు:

కొత్త బూట్లు కఱవఁ గుంటుచు విసరెను
సాక్సుతోడ నాడె సాహసించి
ఒక్కనాఁటి ముచ్చ టూరంత నెగఁబాకె
దోషి కానివాఁడె దోషి యయ్యె.

— కొ-గు యతి తప్పని ఒకరన్నారు. తప్పు కాదు, ఉకారానికీ ఒకారానికీ చెల్లుతుంది. చిక్కల్లా అన్వయంలోనే. కొత్త బూట్లు కరిస్తే సాక్సులతో ఆడాడు, 'షూలెస్' పేరు అంటుకుంది, సరే. బూట్లు విప్పడం నేరమా తమ్ముడూ? మూడో పాదం మార్చు.

తమ్ముడు గంటలో పంపాడు:

కాసు చూపి పిలువఁ గాలు జాఱెను, నాఁటి
దోషి కానివాఁడె దోషి యయ్యె.

— ఆ సాక్సుల కాలే జారిందన్నమాట! భేష్.