బ్యాంకు అప్పివ్వనప్పుడు మనవాళ్ళు ఇస్తారా? లండన్ ‘పార్డ్‌నర్’ మీద చర్చ

క్రాయ్‌డన్ సుధ: మా వీధి చివర సెలూన్ నడిపే జమైకా ఆవిడ రెండో షాపు తీసుకుంది. అడ్వాన్సు ఎలా సర్దావని అడిగితే ‘పార్డ్‌నర్’ డబ్బు అంది. కొందరు కలిసి వారం వారం ఒకే మొత్తం ఒక నమ్మకమైన మనిషి చేతిలో పెడతారు. ఆ మనిషిని బ్యాంకర్ అంటారు. వంతు వచ్చినవాళ్ళు ఆ వారం మొత్తం పట్టుకెళ్తారు. వడ్డీ లేదు, కాగితం లేదు. 1948లో కరీబియన్ దీవుల నుంచి వలసవాళ్ళతో విండ్‌రష్ ఓడ లండన్ దగ్గరికి వచ్చిన తర్వాతి రోజుల్లో కరీబియన్ వాళ్ళకు బ్యాంకులో అప్పు పుట్టేది కాదు, అద్దెకు ఇల్లు దొరికేది కాదు. చాలామంది మొదటి ఇల్లు ఈ డబ్బుతోనే కొన్నారు. ట్రినిడాడ్, ఘనా వాళ్ళకూ ఇదే పద్ధతి ఉంది, సూసూ అంటారు. నా ప్రశ్న: ఇక్కడ మన తెలుగావిడ షాపు పెడతానంటే ఇలా వెనక నిలబడేవాళ్ళు ఉన్నారా?

చీటీల మూర్తి: ఇందులో వింతేముందమ్మా? మన చీటీయే కదా. మా అమ్మమ్మ గుడివాడలో ఎన్నేళ్ళు నడిపిందో. పేరు మార్చి చెబితే గొప్పయిపోతుందా?

క్రాయ్‌డన్ సుధ: కాదండీ, పార్డ్‌నర్‌లో పాట లేదు. మన దగ్గర పెళ్ళి ముంచుకొచ్చినవాడు లక్ష చీటీని డెబ్బై వేలకు పాడుకుంటాడు. కమిషన్ పోగా మిగిలింది అందరూ పంచుకుంటారు. ఎవరికి గతి లేదో వాళ్ళ దగ్గరే మనం సంపాదిస్తాం. వాళ్ళలో అయితే అద్దె కట్టాల్సినామె బ్యాంకర్‌తో చెప్పుకుంటే వంతు ముందుకు జరుపుతారు. మహా అయితే బ్యాంకర్ చేతిలో కొంత పెడతారు, అంతే.

చీటీల మూర్తి: పాట లేకపోతే ఆఖరి వంతువాడు ఏం బావుకున్నాడు? వాడి డబ్బు అన్నాళ్ళూ ఊరికే పడి ఉన్నట్టేగా. మనకు 1982 నుంచి చిట్ ఫండ్స్ చట్టం ఉంది. చీటీ నడిపే ఫోర్‌మన్ కమిషన్ 5 శాతం ఉండేది, 2019 సవరణలో 7 చేశారు. అంతా లెక్క ప్రకారం. మీ బ్యాంకరమ్మ రాత్రికి రాత్రి బిచాణా ఎత్తేస్తే ఎవరిని పట్టుకుంటారు?

నెల్లూరు పెద్దోడు: రిజిస్టర్ చేసిన చీటీలోనే మా నాన్న డబ్బు పోయింది. చీటీ నడిపినాయన ఐపీ పెట్టేసి, మళ్ళీ అదే వీధిలో మేడ కట్టాడు. చట్టం సంగతి మాకు చెప్పకండి సార్.

డాలస్ వంశీ: సంఘం, మద్దతు అని మనం ఊరికే మురిసిపోతున్నాం. సియెర్రా లియోన్ యుద్ధం తప్పించుకుని వచ్చిన జెస్టినా క్లేటన్ అమెరికాలోని యూటాలో జడలు అల్లి బతుకుతుంటే, 2,000 గంటల శిక్షణతో వచ్చే కాస్మెటాలజీ లైసెన్స్ కావాలన్నారు. ఆ చదువులో ఆఫ్రికా జడల గురించి దాదాపు ఏమీ ఉండదు. 2012లో ఫెడరల్ కోర్టులో గెలిచింది. కేసు ఉచితంగా నడిపింది ఒక న్యాయ సంస్థ, ఊరివాళ్ళు కాదు. ఇంకా వెనక్కి వెళ్ళండి. జమైకా నుంచి వచ్చిన మేరీ సీకోల్ 1855లో క్రిమియా యుద్ధభూమి దగ్గర హోటల్ పెట్టింది. మరుసటి ఏడు యుద్ధం ఆగిపోయి సరుకు మిగిలిపోయింది, దివాలా తీసింది. 1857లో ఆమె కోసం చందాలు పోగుచేసింది ఆమె సేవలు చూసిన సైన్యం వాళ్ళు. వ్యాపారాన్ని నిలబెట్టేది ఖాతాదారులు, కులబంధువులు కాదు.

క్రాయ్‌డన్ సుధ: ఖాతాదారులు వచ్చేదాకా అద్దె ఎవరు కడతారు వంశీ గారూ? 2009 నుంచి 2019 దాకా బ్రిటన్‌లో కొత్త కంపెనీల్లో పెట్టుబడి పెట్టే వెంచర్ క్యాపిటల్ డబ్బులో నల్లజాతి మహిళల కంపెనీలకు వెళ్ళింది 0.02 శాతం. అందుకే ఇంకా పార్డ్‌నర్ నడుస్తోంది. సరదాకి కాదు.

రమ, లెస్టర్: ఆ సెలూన్లకు వెళ్ళే సవరాల జుట్టులో మన తిరుమల తలనీలాలూ ఉంటాయి. టీటీడీ వేలం, ఏలూరు గోదాములు, అక్కడి నుంచి ఎగుమతి. అంత దగ్గరి లావాదేవీ ఉండి కూడా మనవాళ్ళు ఆ షాపు గడప తొక్కరు.

చీటీల మూర్తి: జుట్టు సంగతి వదిలేయండి. ఆఖరి వంతువాడికి లాభం ఏంటో ఎవరూ చెప్పలేదు.

రమ, లెస్టర్: అబ్బా, ఇంకా అదేనా!

చీటీల మూర్తి: అదే అసలు పాయింటు. మా గ్రూపులో ఇద్దరు ఆడవాళ్ళకు షాపులకు ఇచ్చాం. మనవాళ్ళు ఏమీ చెయ్యరని ప్రతి ఏడుపూ ఇక్కడికే తెస్తారు.

క్రాయ్‌డన్ సుధ: ఏడుపే అనుకోండి. క్యాటరింగ్ పెడదామని మా ఊళ్ళో తెలుగు చీటీ గ్రూపుకి నేనే వెళ్ళాను. గ్రైండర్, ఫ్రీజర్, కిచెన్ అద్దె, అన్నీ కాగితం మీద రాసుకెళ్ళాను. ఆ కాగితం తిప్పి కూడా చూడలేదు. ముందు ‘మీ ఆయన్ని ఫోన్ చెయ్యమనండి’ అన్నారు. తర్వాత ఏ ఊరు, ఇంటిపేరేంటి, మీ మావగారు ఫలానావాళ్ళకు ఏమవుతారు అని తిప్పి తిప్పి అడిగారు. చెప్పాక గ్రూపు నిండిపోయిందన్నారు. మరుసటి వారం ఇంకొకరిని చేర్చుకున్నారు. మీరు ‘మనవాళ్ళు’ అన్నప్పుడల్లా ఎవరి గురించి మాట్లాడుతున్నారో నాకు ఆరోజే తెలిసింది.

చీటీల మూర్తి: దాన్ని కులం కింద ఎందుకు తీసుకుంటారు? ముక్కూమొహం తెలియనివాళ్ళ చేతిలో డబ్బు ఎవడు పెడతాడు? ఇంటిపేరు అడిగితే ఎవరి తాలూకో తెలుస్తుంది, పూచీ దొరుకుతుంది. జమైకా వాళ్ళు మాత్రం దారిన పోయేవాళ్ళని చేర్చుకుంటారా?

డాలస్ వంశీ: సుధ గారూ, నేను చెప్పిందీ ఇదేగా. సంఘం అంటే చివరికి ఇలాగే తేలుతుంది.

క్రాయ్‌డన్ సుధ: మీరు చెప్పింది ఇది కాదు వంశీ గారూ. మీరు సంఘమే వద్దన్నారు, నన్ను ఎందుకు చేర్చుకోలేదని నేనడుగుతున్నాను. మూర్తి గారూ, సెలూన్ ఆవిడని అడిగాను. కొత్తవాళ్ళకు పాత సభ్యుల్లో ఇద్దరు మాట ఇవ్వాలట, మొదటిసారి చివరి వంతే ఇస్తారట. నాకోసం ఆవిడే మాట ఇస్తానంది. ఇంకొకరు కావాలి.

నెల్లూరు పెద్దోడు: నన్నూ చేర్చండి అక్కా.

చీటీల మూర్తి: చూశారా, చివరి వంతు! మరి మీకు లాభమేంటి?